కుర్చీ మారిన మర్నాడు

మా మరదలి పెళ్లి. ముహూర్తం రాత్రి రెండుంబావుకి. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకున్న ఇద్దరిలో నేనొకణ్ణి. పంతులుగారు జీలకర్ర–బెల్లం పళ్లెం అందుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. చూస్తే ప్లాంటు నంబరు. తెర కొస తోడల్లుడి చేతికిచ్చి పందిరి బయటికి పరిగెత్తాను.

మాది మాత్రలు తయారుచేసే కంపెనీ. అక్కడ నేను షిఫ్టు ఇన్‌ఛార్జిని. "సార్, క్యాపింగ్ వస్తోంది. ఏం చెయ్యమంటారు?" అన్నాడు అవతలి కుర్రాడు. మెషిన్ ఒత్తిన మాత్రకు పైపెచ్చు టోపీలా ఊడిపోవడాన్ని మా పనిలో క్యాపింగ్ అంటారు. ప్రొడక్షన్ హాల్లోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లకూడదు. అందుకని వాడు క్యాబిన్‌లోని ల్యాండ్‌లైన్ దగ్గర నా మాట విని, లోపలికెళ్లి చేసి, మళ్లీ బయటికొచ్చి ఏమైందో చెప్పాలి. "స్పీడు తగ్గించు." పరుగు. "ఇంకా వస్తోంది సార్." "ప్రీ-కంప్రెషన్ కొంచెం పెంచు." మళ్లీ పరుగు. ఇలా 40 నిమిషాలు. నా వెనక గట్టిమేళం మోగి ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. మా మామగారు పక్కాయనతో "మా అల్లుడు లేకపోతే ఆ ఫ్యాక్టరీ కదలదండీ" అంటున్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సోమవారం ఈ సంగతి ప్లాంటు హెడ్‌కు నేనే చెప్పాను, మెచ్చుకుంటారని. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "నిన్ను ఇన్‌ఛార్జిని చేసి ఎన్నాళ్లయింది?" అన్నారు.

"పద్నాలుగు నెలలు సార్."

"పద్నాలుగు నెలల్లో ఒక్కడికీ నేర్పలేదా?"

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా వెతుక్కున్న జవాబు.

మన దగ్గర నాయకుణ్ణి ఎలా ఎంచుతారో మీకు తెలుసు. బాగా కోడ్ రాసేవాణ్ణి టీమ్ లీడ్ చేస్తారు. బాగా అమ్మేవాణ్ణి ఏరియా మేనేజర్ చేస్తారు. ఫైళ్లు చకచకా కదిలించే గుమస్తా సూపరింటెండెంట్ అవుతాడు. నేను కంప్రెషన్ మెషిన్ శబ్దం విని లోపం ఎక్కడుందో చెప్పగలిగేవాణ్ణి కాబట్టి ఇన్‌ఛార్జినయ్యాను. ఏ పని బాగా చేసినందుకు పదోన్నతి వచ్చిందో ఆ పని మర్నాటి నుంచి మన పని కాదు. ఆర్డర్ కాపీలో హోదా ఉంటుంది, జీతం ఉంటుంది, ఈ ముక్క మాత్రం ఉండదు. 1969లో లారెన్స్ పీటర్ అనే ఆయన దీని మీద ఒక పుస్తకమే తెచ్చాడు. సంస్థల్లో ప్రతివాడూ తనకు చేతకాని కుర్చీ దొరికేదాకా పైకి ఎక్కుతూనే ఉంటాడన్నది దాని సారం. సగం వేళాకోళంగా రాసిన పుస్తకమది. యాభై ఏళ్లు దాటినా పాతబడకపోవడం మాత్రం నవ్వుకునే సంగతి కాదు. నా వరకు చెప్పాలంటే, ఇన్‌ఛార్జినయ్యాక నాకిచ్చిన శిక్షణ ఒక్కటే, కొత్త ఐడీ కార్డుకు ఫొటో దిగడం.

క్యాంటీన్‌లో నిశ్శబ్దం

మొదటి వారంలో మిమ్మల్ని బాధపెట్టేది పని కాదు, క్యాంటీన్. నిన్నటిదాకా "ఒరే మామా" అన్నవాడు ఇవాళ ఏమని పిలవాలో తెలియక, పేరు పెట్టకుండానే మాట్లాడతాడు. మీరు ప్లేటు తెచ్చుకుని కూర్చోగానే నడుస్తున్న కబురు ఆగి క్రికెట్ వైపు మళ్లుతుంది. వారం తిరగకుండా మీరు లేని కొత్త వాట్సాప్ గ్రూప్ పుడుతుంది. అందులో మీ మీద జోకులుంటాయి. ఉండనివ్వండి. మీరు కూడా మీ పాత ఇన్‌ఛార్జి లేని గ్రూప్‌లో ఉన్నవారే కదా. ఆ గ్రూప్‌లో ఏం నడుస్తోందో ఒకణ్ణి చేరదీసి తెలుసుకునే పని మాత్రం పెట్టుకోకండి. ఆ ఒక్కడు ఎవరో మిగతావాళ్లకు రెండు రోజుల్లో తెలిసిపోతుంది, ఆ తర్వాత మీకు ఎవరూ ఏమీ చెప్పరు.

పాత చనువు పోకూడదని కొందరు మరీ కలిసిపోతారు. లెక్కకు రావాలని కొందరు రాత్రికి రాత్రే బిగుసుకుపోతారు. రెండోవాళ్లను చూస్తే నాకు జాలి, మొదటివాళ్లను చూస్తే భయం. నిన్న మీతో కలిసి సిగరెట్ కాల్చినవాడికి రేపు సెలవు లేదని చెప్పాల్సి వస్తుంది. ఆ రోజు ఎటూ వస్తుంది కాబట్టి ముందే, మొదటి వారంలోనే ఒక్కొక్కరితో విడిగా కూర్చుని చెప్పేయడం మేలు. "సెలవులూ షిఫ్టులూ అప్రైజలూ నా చేతికొచ్చాయి. వాటిలో నీకూ నాకూ ఉన్న స్నేహం చూడను. మిగతా అంతా మామూలే." ఇంతే. ఈ రెండు మూడు వాక్యాలు పలకడానికి నాకు ఏడాది పట్టింది. అప్పటికి ఒక స్నేహం పోయింది కూడా.

వయసులో పెద్దవాళ్లు మన కింద పనిచేయడం ఇంకో చిక్కు. బ్యాంకు బ్రాంచిని ఊహించుకోండి. పాతికేళ్ల ప్రొబేషనరీ ఆఫీసరు, ముప్పయ్యేళ్ల సర్వీసున్న హెడ్ క్యాషియరు. ఖాతాదారుల్లో సగం మందిని ఆయన ఇంటిపేరుతో సహా ఎరుగును. ఆఫీసరు మొదటి రోజే "రూలు ప్రకారం" అని నోరు తెరిస్తే ఆయన కూడా రూలు ప్రకారమే పనిచేయడం మొదలుపెడతాడు. ఐదింటికి బ్యాగు సర్దేస్తాడు. ఆ బ్రాంచి ఇక ముందుకు సాగదు. ఆయన్ను "గారు" అనండి, మీరు అనండి, ఆయనకు తెలిసింది ఏమిటో ముందు అడగండి. విన్నాక నిర్ణయం మాత్రం మీరే చెప్పండి. మా ప్లాంటులో గ్రాన్యులేషన్, అంటే మందు పొడిని గుళికలుగా చేసే పని, చూసే ఒకాయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పిలుపు మార్చలేదు. కానీ షిఫ్టు చార్టులో ఆయన పేరు నాకు నచ్చినచోట వేయడానికి వెనకాడలేదు కూడా. వయసుకు ఇచ్చే మర్యాద, పనిలో తీసుకునే నిర్ణయం ఒకదానికొకటి అడ్డం రావు. అడ్డం వస్తాయని అనుకునేది మనమే.

టీమ్ లీడ్ ఆడమనిషైతే ఈ చిక్కులన్నిటికీ తోడు మరొకటి. ఆమె కాదన్న పనిని ఆమె పై అధికారి దగ్గరికి తీసుకెళ్లి అవుననిపించుకునే మగవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. దీనికి మందు ఆమె చేతిలో కన్నా పైవాడి చేతిలో ఎక్కువ ఉంది. మీరు ఆమె స్థానంలో ఉంటే కుర్చీలో కూర్చున్న మొదటి రోజే మీ మేనేజర్ని ఒక్కటి అడగండి. "నా టీమ్ వాళ్లు నేరుగా మీ దగ్గరికి వస్తే 'మేడమ్‌ని అడిగావా' అని తిప్పి పంపండి" అని. ఈ పుస్తకం చదువుతున్న మీరే ఆ పైవారైతే, అడిగించుకోకుండానే ఆ పని చేయండి.

అడిగి చెయ్యి, చెప్పి చెయ్యి, చేసి చెప్పు

పెళ్లి రాత్రి సంగతికొద్దాం. ఆ కుర్రాడికి తెలివి లేక నాకు ఫోన్ చేయలేదు. స్పీడు, ఒత్తిడి, గ్రాన్యూల్స్‌లో తేమ, ఈ మూడింటిలో ఏదో ఒకటి కదపాలని వాడికి తెలుసు. కదిపే హక్కు తనకుందో లేదో తెలియదు. పద్నాలుగు నెలలుగా మెషిన్ కాస్త మూలిగితే చాలు, నేను పరుగున వెళ్లి వాణ్ణి పక్కకు జరిపి నా చేత్తో సరిచేసేవాణ్ణి. "జరుగు, నేనైతే ఐదు నిమిషాల్లో చేసేస్తా." ఈ మాట నేను రోజుకు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్న ప్రతిసారీ ఐదు నిమిషాలు మిగిలాయి, ఒక మనిషి ఎదగకుండా ఆగాడు.

ప్లాంటు హెడ్ ఆ మాటన్న రోజు రాత్రి ఒక తెల్లకాగితం తీసుకుని, షిఫ్టులో నేను స్వయంగా చేస్తున్న పనులన్నీ రాశాను. ఇరవై మూడు వచ్చాయి. మెషిన్ సెట్టింగు, పంచులు మార్చడం, స్టోర్సుకు ఇండెంటు, బ్యాచ్ రికార్డులో సంతకాలకు ముందు సరిచూడటం, చివరికి షిఫ్టు మార్పిడి పుస్తకంలో రాయడం కూడా. వాటికి ఎదురుగా ఎవరికి ఇవ్వవచ్చో పేర్లు రాశాను. అక్కడితో ఆగితే ఈ కాగితం ఎందుకూ పనికొచ్చేది కాదు. పని అప్పగించడమంటే పేరు రాయడమే అనుకుంటాం. ఎంతవరకు అప్పగించామో చెప్పం. వాడు ఎక్కువ చేస్తే "నన్ను అడగవా?" అంటాం, తక్కువ చేస్తే "ప్రతిదీ నన్నే అడుగుతావా?" అంటాం. పాపం వాడు ఏం చెయ్యాలి?

అందుకని ప్రతి పని పక్కన మూడు మాటల్లో ఒకటి రాశాను.

అడిగి చెయ్యి. అంటే నువ్వు ఆలోచించు, ఏం చేద్దామనుకుంటున్నావో చెప్పు, నేను సరే అన్నాక చెయ్యి.

చెప్పి చెయ్యి. నిర్ణయం నీది. మొదలుపెట్టే ముందు నా చెవిన వేయి. నేను ఆపకపోతే కానిచ్చెయ్యి.

చేసి చెప్పు. చేసేశాక షిఫ్టు పుస్తకంలో రాయి, నేను మర్నాడు చదువుకుంటాను.

మెషిన్ సెట్టింగును ఆ కుర్రాడికి మొదటి నెల "అడిగి చెయ్యి"లో ఇచ్చాను. ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాను. వాడు "ఏం చెయ్యమంటారు సార్?" అని వస్తే జవాబు చెప్పకూడదు. "నువ్వేం చేద్దామనుకుంటున్నావ్?" అని తిప్పి అడగాలి. మొదట్లో వాడు బిత్తరపోయాడు, తర్వాత విసుక్కున్నాడు, మూడో వారానికి జవాబుతోనే రావడం మొదలుపెట్టాడు. రెండో నెల "చెప్పి చెయ్యి". నాలుగో నెలకు "చేసి చెప్పు".

చెప్పినంత తేలిక్కాదు ఇది. నేను ఇరవై నిమిషాల్లో చేసే సర్దుబాటు వాడికి మొదటిసారి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నా చేతులు దురద పెట్టాయి. అక్కడ నిలబడితే ఆగలేనని తెలిసి, అవసరం లేకపోయినా స్టోర్సుకు వెళ్లి డబ్బాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ నెల మా షిఫ్టు ఉత్పత్తి తగ్గింది. తగ్గుతుందని ప్లాంటు హెడ్‌కు ముందే చెప్పి ఉంచాను. ఇది మీరూ మరిచిపోకండి. నేర్పడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎంతో, ఎన్నాళ్లో పైవాళ్లకు ముందుగా చెబితే అది ప్రణాళిక అవుతుంది, తర్వాత చెబితే సాకు అవుతుంది.

ఒక హద్దు కూడా చెప్పాలి. మందుల తయారీలో ప్రతి సెట్టింగుకూ బ్యాచ్ రికార్డులో కింది గీత, పై గీత ఉంటాయి. వాటి మధ్యే స్వేచ్ఛ. గీత దాటాల్సి వస్తే వాడే కాదు, నేనూ చేయకూడదు, క్వాలిటీ వాళ్లను పిలవాలి. మీ పనిలో ఆ గీతలు ఎవరూ రాసి ఉంచకపోతే మీరే రాయండి. ఎంత మొత్తం వరకు, ఏ ఖాతాదారు వరకు, ఏ తేదీ వరకు అని. గీత కనిపిస్తే మనిషి ధైర్యంగా అడుగు వేస్తాడు.

మంచి మేనేజర్ అంటే ఎవరని 2008 ప్రాంతంలో గూగుల్ తన సొంత ఉద్యోగుల సమాచారాన్నే తవ్వి చూసుకుంది. ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని దానికి పేరు. ఎనిమిది లక్షణాలు తేలాయి. మంచి కోచ్‌లా ఉండటం మొదటి స్థానంలో వచ్చింది. సాంకేతిక నైపుణ్యం ఎనిమిదోది. ఇంజనీర్లే దేవుళ్లయిన కంపెనీలో అది చిట్టచివరన రావడం నాకు భలే నచ్చింది. అయితే ఎనిమిదోదైనా జాబితాలో ఉంది. పని రాకపోయినా ఫర్వాలేదని దీనికి అర్థం చెప్పుకునేవాళ్లను చూశాను. వాళ్ల కింద పనిచేయడం ఎంత నరకమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల తన పుస్తకంలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ రోజుల నాటి ఒక మ్యాచ్ గుర్తుచేసుకున్నారు. ఆయన బౌలింగ్ ఆ రోజు తేలిపోతోంది. కెప్టెన్ బంతి తీసుకుని తానే వేసి వికెట్ తీశాడు. అంతవరకు ఏ కెప్టెనైనా చేస్తాడు. ఆ తర్వాత బంతిని మళ్లీ నాదెళ్లకే ఇచ్చాడు. ఎందుకిచ్చావని ఆయన తర్వాత అడిగితే, సీజన్ మొత్తం నీతో పని ఉంది, నీ ధైర్యం పోగొట్టదలచుకోలేదు అన్నట్టుగా చెప్పాడట. చెయ్యి పెట్టాల్సిన రోజు మీకూ వస్తుంది. డెడ్‌లైన్ ముంచుకొస్తుంది, ఖాతాదారు అరుస్తుంటాడు. అప్పుడు పెట్టండి, తప్పులేదు. తర్వాతి ఓవర్ ఎవరికిస్తున్నారన్నదే అసలు సంగతి.

అప్పగించకూడనివి కొన్ని ఉన్నాయి. అప్రైజల్లో తక్కువ మార్కు వచ్చిందని చెప్పడం, సెలవు కుదరదనడం, ఉద్యోగం పోయిందని చెప్పడం. వీటిని హెచ్ఆర్ మెయిల్ వెనక దాచే పైవాడికి ఎవరూ మర్యాద ఇవ్వరు.

"ఏం లేదు సార్"

మన ఆఫీసుల్లో రోజూ అడిగే ప్రశ్న "అంతా ఓకేనా?" రోజూ వచ్చే జవాబు "ఏం లేదు సార్, అంతా ఓకే." ఆ జవాబు వచ్చిన మూడో రోజున పైకప్పు కూలుతుంది. "నాకెవరూ చెప్పలేదే!" అని మనం ఆశ్చర్యపోతాం.

అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పనిచేశారు. కలిసిమెలిసి బాగా పనిచేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అంచనా. లెక్క తీస్తే ఆ బృందాల్లోనే ఎక్కువ కనిపించాయి. కారణం తవ్వితే తేలిందేమిటంటే, వాళ్లు పొరపాట్లు ఎక్కువ చేయడం లేదు, చేసినవి దాచకుండా చెబుతున్నారు. మిగతా బృందాల్లో భయపడి కప్పిపెట్టేస్తున్నారు. మీ టీమ్ నుంచి ఈ నెల ఒక్క చెడు కబురూ రాలేదంటే సంబరపడే ముందు కాస్త ఆలోచించండి.

టయోటా ఫ్యాక్టరీల్లో అసెంబ్లీ లైను పొడవునా ఒక తాడు ఉండేది. ఆండాన్ అంటారు. ఏ కార్మికుడికైనా తేడా కనిపిస్తే ఆ తాడు లాగవచ్చు. టీమ్ లీడర్ వస్తాడు. ఆ స్టేషన్ దాటేలోపు చక్కబడకపోతే లైను ఆగిపోతుంది. తాడు కట్టడం ఎవరికైనా చేతనవుతుంది. లాగినవాణ్ణి చూసి లీడర్ మొహం ఎలా పెడతాడన్నదాని మీదే ఆ తాడు పనిచేయడం ఆధారపడి ఉంటుంది. నా మొహం ఎలా ఉండేదో నాకు చాలాకాలం తెలియదు. చెడు వార్త వినగానే నా నోటి నుంచి "ఛ!" అని వచ్చేదని మా గ్రాన్యులేషన్ బాబాయే ఒకరోజు చెప్పాడు. "నువ్వు తిట్టవు. కానీ ఆ 'ఛ' వింటే సగంలో ఆపేయాలనిపిస్తుంది" అన్నాడు. దాన్ని మానుకోవడానికి నేను పడ్డ అవస్థ సిగరెట్ మానడానికి కూడా పడలేదు. ఇప్పటికీ ఇంట్లో వస్తుంది.

అడిగే ప్రశ్న మార్చి చూడండి. "ఏమైనా ప్రాబ్లమా?" అంటే జవాబు సిద్ధంగా ఉంది. "ఈ వారం నీ పని ఎక్కడ ఆగింది?" అంటే ఆలోచించక తప్పదు. "నేను చేసే పనుల్లో ఏది మానేస్తే నీకు సుఖంగా ఉంటుంది?" మొదటిసారి అడిగితే "అబ్బే, అలాంటిదేం లేదు సార్" అంటారు. నాలుగోసారికి ఒక చిన్న సంగతి చెబుతారు. ఆ చిన్నదాన్ని రెండు రోజుల్లో సరిచేసి చూపించండి. అసలైనది ఆ తర్వాతే బయటికొస్తుంది. ఇలా ఒక్కొక్కరితో పదిహేను రోజులకోసారి పావుగంట చాలు. క్యాబిన్‌లో బల్లకు అటూ ఇటూ కూర్చుని కాదు, టీ తాగడానికి నడుస్తూ అడగండి. మనవాళ్లకు ఎదురెదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూ గుర్తొస్తుంది.

మీటింగుల సంగతి మరీ అన్యాయం. హైదరాబాద్ ఆఫీసుల్లో ఇంగ్లిష్ ధాటిగా మాట్లాడేవాళ్లు మాట్లాడతారు, పని తెలిసినవాళ్లు తలొంచుకుని కూర్చుంటారు. నేనెరిగిన ఒక టీమ్ లీడ్ మొదటి పది నిమిషాలు తానే కావాలని తెలుగులో మాట్లాడేది, ఆ తర్వాత ఎవరికొచ్చిన భాషలో వాళ్లు. ప్లాంట్లలోనైతే ఒడిశా, బీహార్ కుర్రాళ్లు చాలామంది. వాళ్లను "సమఝా?" అని అడిగితే తల ఊపుతారు. అడగకండి. "ఏం చేయబోతున్నావో చూపించు" అనండి. అర్థమైందో లేదో చేతుల్లో కనిపిస్తుంది.

చెడు కబురు వచ్చాక ఏం చేయాలో చెప్పే శ్రీహరికోట కథ మీ ఫోనుకు పదిసార్లయినా ఫార్వర్డ్ అయి ఉంటుంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. విలేకరుల ముందు కూర్చుని బాధ్యత నెత్తిన వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. 1980 జులై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు విలేకరుల ముందుకు కలాంను పంపారు. ఫార్వర్డులు ఇక్కడ ఆగిపోతాయి. ఆ రెండు తేదీల మధ్య లోపల జరిగింది చెప్పరు. వైఫల్యాన్ని నిపుణులు ముక్కముక్కలుగా విప్పి చూశారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో యాసిడ్ కారిపోయిందని తేల్చారు. ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆపమని సూచించినా, నిపుణుల మాట మీద దాన్ని పక్కనపెట్టి ముందుకెళ్లింది తానేనని కలాం తర్వాత ఎన్నో సభల్లో స్వయంగా చెప్పుకున్నారు. బయటివాళ్ల ముందు మనిషిని కాపాడటం, లోపల తప్పును మొహమాటం లేకుండా విప్పడం, రెండూ జరిగాయి. మనం ఎక్కువగా తిరగేసి చేస్తాం. పైవాడి ముందు "మా వాడి పొరపాటు సార్" అని పేరు చెప్పేస్తాం, గదిలోకొచ్చాక మొహమాటపడి ఆ ఊసే ఎత్తం.

మరి తప్పు మీదే అయితేనో? 2014 అక్టోబర్‌లో మహిళా సాంకేతిక నిపుణుల సభలో జీతం పెంపు గురించి అడిగితే, అడగనక్కర్లేదు, వ్యవస్థను నమ్ముకోండి అన్న ధోరణిలో నాదెళ్ల జవాబిచ్చారు. దుమారం లేచింది. సీఈఓ అయి ఏడాది కూడా కాలేదు. అదే రోజు ఉద్యోగులందరికీ రాసిన లేఖలో, తాను పూర్తిగా తప్పు జవాబిచ్చానని, పెంపు న్యాయమనిపిస్తే అడగాల్సిందేనని చెప్పారు. "నా మాటల్ని వక్రీకరించారు" అనలేదు. మన చెవులకు ఆ వాక్యం ఎంత అలవాటో కదా.

తిట్టడం, మెచ్చుకోవడం గురించి పుస్తకాలన్నీ చెప్పేదే నేనూ చెప్పను. ఒక్కటే. "బాగా చేశావ్" అంటే దేనికన్నారో వాడికి తెలియదు. "షిఫ్టు పుస్తకంలో తేమ ఎంతుందో రాశావు చూడు, దానివల్లే పొద్దున్నవాళ్లకు రెండు గంటలు కలిసొచ్చాయి" అంటే జీవితాంతం రాస్తాడు.

పైకి చూసి "సరే సార్"

కిందివాళ్లు మనకు "ఏం లేదు సార్" అన్నట్టే మనం పైవాళ్లకు "సరే సార్" అంటాం. పది రోజుల పనిని నాలుగు రోజుల్లో ఒప్పుకుని వచ్చి, ఆ ఆరు రోజులు టీమ్ నిద్రలోంచి కోస్తాం. కుదరదని చెప్పడానికి ఒక మర్యాదైన దారి ఉంది. "నాలుగు రోజుల్లో ఇది ఇవ్వగలం, అది ఆగుతుంది. ఏది ముందు కావాలో మీరు చెప్పండి." ఎంపిక ఆయన చేతిలో పెట్టడం ధిక్కారం కాదు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన ఇ. శ్రీధరన్ ఢిల్లీ మెట్రో కట్టినప్పుడు, ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపించే బోర్డులు ఆఫీసుల్లో పెట్టించారు. పెద్ద సారుకూ కొత్తగా చేరిన ఇంజనీరుకూ కనిపించేది అదే అంకె. గడువు అందరికీ కనిపించేచోట ఉంటే "ఎందుకు కాలేదు" అని అరవాల్సిన పని సగం తగ్గుతుంది, "ఎలా అవుతుంది" అని పైవాళ్లను నిలదీయడం కూడా తేలికవుతుంది.

ఇప్పుడు మీకొక పని. వచ్చే నెలలో రెండు రోజులు సెలవు పెట్టండి. జ్వరమని కాదు, ముందుగా చెప్పి. మీ పనుల కాగితం తీసి, ఎదురుగా పేర్లు రాసి, పక్కన అడిగి చెయ్యి, చెప్పి చెయ్యి, చేసి చెప్పు అని వేయండి. "అడిగి చెయ్యి" అన్నవాటికి మీ బదులు ఎవరిని అడగాలో కూడా రాయండి. ఫోను ఇంట్లోవాళ్ల చేతికిచ్చి, ప్రాణం మీదికొస్తే తప్ప ఇవ్వొద్దని చెప్పండి. తిరిగొచ్చాక ఏయే పనులు మీ కోసం ఆగి ఉన్నాయో చూసుకోండి. రాబోయే మూడు నెలలు మీరు నేర్పాల్సినవి అవే. నేను మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు పదకొండు ఆగి ఉన్నాయి. మరుసటి ఏడాది దసరాకు రెండు.

ఆ రాత్రి క్యాబిన్‌కూ మెషిన్‌కూ మధ్య పరుగులు తీసిన కుర్రాడు ఇప్పుడు వేరే కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. వాడి నంబరు నా దగ్గరుంది, పని గురించి మాత్రం వాడు నాకు ఫోన్ చేసి చాలా ఏళ్లయింది. మా మరదలి పెళ్లి వీడియో ఇంట్లో అప్పుడప్పుడు పెడతారు. అందులో జీలకర్ర–బెల్లం ఘట్టం వచ్చేసరికి తెర పట్టుకున్న మనిషి మారిపోయి ఉంటాడు.